అడక్కుండానే ఫోన్ కంపెనీ మార్చేస్తే: అమెరికా ‘స్లామింగ్’ ఎలా పుట్టింది, ఎలా అదుపులోకి వచ్చింది

క్లుప్తంగా: ల్యాండ్‌లైన్ కస్టమర్‌కి తెలియకుండా అతని లాంగ్ డిస్టెన్స్ కంపెనీని, అంటే దూరపు ఊళ్లకి చేసే కాల్స్ కలిపే కంపెనీని, మార్చేయడాన్ని అమెరికాలో స్లామింగ్ అంటారు. 1984లో ఏటీ అండ్ టీ గుత్తాధిపత్యం ముక్కలయ్యాక, పోటీ వెంటే ఈ మోసమూ వచ్చింది. ‘ఈ కస్టమర్ మారతానన్నాడు’ అని చెప్పే అధికారం, ఆ మార్పుతో లాభపడే కంపెనీకే ఉండటం దీని మూలం. కాగితాల మీద ఎన్ని షరతులు పెట్టినా తగ్గని మోసాన్ని, వసూలైన డబ్బును వెనక్కి లాగే నిబంధనలు చాలావరకు కట్టడి చేశాయి. భారత్‌లో నంబర్ పోర్టింగ్ పద్ధతి ఈ చిక్కును వేరే దారిలో దాటింది.

బిల్లు వెనక పేజీలో కొత్త పేరు

1990ల్లో అమెరికాలో ఒక మామూలు ఇంటికి నెలకి ఒకే ఫోన్ బిల్లు వచ్చేది. కవరు మీద లోకల్ కంపెనీ పేరు ఉండేది. మొదటి పేజీలో నెలవారీ అద్దె, పన్నులు. వెనక పేజీల్లో ఇంకో కంపెనీ పేరుతో లాంగ్ డిస్టెన్స్ కాల్స్ పట్టీ: ఏ తేదీన, ఏ ఊరికి, ఎన్ని నిమిషాలు, ఎంత అయింది అని. చాలామంది మొత్తం ఎంతో చూసి చెక్కు రాసి పంపేసేవాళ్లు, వెనక పేజీల దాకా వెళ్లేవాళ్లు తక్కువ.

ఒక నెల ఆ వెనక పేజీలో కంపెనీ పేరు మారిపోయి ఉంటుంది. మారతామని ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఫోన్ నంబర్ అదే, డయల్ టోన్ అదే, కాల్ కలిసే తీరు కూడా అదే, కాబట్టి ఫోన్ వాడుతున్నంతసేపు అనుమానం రావడానికి కారణమే ఉండదు. నిమిషానికి 10 సెంట్లు అని ఒప్పుకున్న ప్లాన్ మాత్రం పోయి, ఎక్కువ రేటు పడి ఉంటుంది. పాత కంపెనీ దగ్గర పోగైన డిస్కౌంట్లు, పాయింట్లు కూడా పోతాయి. మార్చినందుకు లోకల్ కంపెనీ వేసే చార్జీ, మామూలుగా 5 డాలర్లు, అదీ ఆ బిల్లులోనే కనిపిస్తుంది. అంటే అడగని మార్పుకి ఫీజు కూడా కస్టమరే కడతాడు.

1997లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌కి, అంటే ఎఫ్‌సీసీకి, స్లామింగ్ మీద 20,000కి పైగా ఫిర్యాదులు వచ్చాయి. ఫిర్యాదు దాకా వచ్చినవాళ్లు కొందరే. గమనించి, విసుక్కుని, పాత కంపెనీకి ఫోన్ చేసి మళ్లీ మార్పించుకుని ఊరుకున్నవాళ్లు, అసలు గమనించనివాళ్లు ఆ లెక్కలోకి రారు.

ఒక్క కంపెనీ పోయాక

1980ల మొదటి వరకు అమెరికాలో ఫోన్ అంటే దాదాపు ఏటీ అండ్ టీయే. ఇంటికి వచ్చే తీగ వాళ్లది, ఎక్స్ఛేంజ్ వాళ్లది, ఊళ్ల మధ్య లైన్లు వాళ్లవి. ప్రభుత్వం వేసిన గుత్తాధిపత్య కేసులో 1982లో రాజీ కుదిరింది, న్యాయమూర్తి హెరాల్డ్ గ్రీన్ పర్యవేక్షణలో 1984 జనవరి 1న కంపెనీ విడిపోయింది. లోకల్ సర్వీసు 7 ప్రాంతీయ కంపెనీలకు వెళ్లింది, వాటినే బేబీ బెల్స్ అనేవాళ్లు. ఏటీ అండ్ టీకి లాంగ్ డిస్టెన్స్ మిగిలింది. అక్కడ ఎంసీఐ, స్ప్రింట్ లాంటివాళ్లు పోటీకి దిగారు.

విడిపోక ముందు ఎంసీఐ ద్వారా మాట్లాడాలంటే చాలా చోట్ల ముందు ఒక లోకల్ నంబర్ తిప్పి, తర్వాత ఒక రహస్య కోడ్ కొట్టి, ఆ తర్వాత అసలు నంబర్ కొట్టాల్సి వచ్చేది. ఏటీ అండ్ టీకి అయితే ఊరికే ‘1’ కొట్టి నంబర్ కొడితే చాలు. ఇది సరైన పోటీ కాదని, అన్ని కంపెనీలకూ ‘1’ మీద సమాన హక్కు ఇవ్వాలన్నారు. కస్టమర్ ముందే ఒక కంపెనీని ఎంచుకుంటాడు, ఆ ఎంపిక ఎక్స్ఛేంజ్‌లో నమోదవుతుంది, ఆ తర్వాత ‘1’ కొడితే కాల్ ఆ కంపెనీకే వెళ్తుంది. ఊరూరా బ్యాలెట్ పత్రాలు పంపి మరీ కస్టమర్ల చేత ఎంపిక చేయించారు.

జనానికి ఎంత మేలు చేసిన మార్పో చెప్పనక్కర్లేదు. పోటీతో రేట్లు బాగా దిగాయి. కాకపోతే ఆ ‘ముందే నమోదైన ఎంపిక’ అనేది ఎక్కడో ఒక కంప్యూటర్‌లో ఉన్న చిన్న కోడ్. దాన్ని ఎవరు మార్చమంటే మారుస్తారు అన్న ప్రశ్నకి అప్పట్లో గట్టి జవాబు లేదు.

ఆ కోడ్ ఎలా మారుతుంది

లోకల్ ఎక్స్ఛేంజ్‌లో ప్రతి లైన్‌కీ ఒక లాంగ్ డిస్టెన్స్ కంపెనీ కోడ్ రాసి ఉంటుంది. 0288 ఉంటే కాల్ ఏటీ అండ్ టీకి, 0222 ఉంటే ఎంసీఐకి, 0333 ఉంటే స్ప్రింట్‌కి వెళ్తుంది. కస్టమర్ కంపెనీ మారాలనుకుంటే లోకల్ కంపెనీకి స్వయంగా చెప్పొచ్చు. కానీ ఎక్కువసార్లు జరిగేది అది కాదు. కొత్త లాంగ్ డిస్టెన్స్ కంపెనీ సేల్స్ మనిషి ఫోన్ చేస్తాడు, కస్టమర్ సరే అంటాడు, ఆ కంపెనీయే లోకల్ కంపెనీకి ‘ఈ నంబర్లన్నీ మాకు మార్చండి’ అని కంప్యూటర్ ఫైల్ పంపుతుంది. లోకల్ కంపెనీ ఆ ఫైల్ ప్రకారం కోడ్ మార్చేస్తుంది.

గమనించాల్సింది ఇదే. కస్టమర్ ఒప్పుకున్నాడో లేదో చూసే బాధ్యత ఆర్డర్ పంపిన కంపెనీది. మార్చే కంపెనీ కస్టమర్‌ని మళ్లీ అడగదు, అడగకూడదని ఎఫ్‌సీసీ నిబంధనే ఉంది. చూడటానికి ఇది దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టే ఉంటుంది. కానీ దానికో కారణం ఉంది. బేబీ బెల్స్ కూడా లాంగ్ డిస్టెన్స్ వ్యాపారంలోకి రావాలని చూస్తున్న కాలం అది. ప్రతి మార్పునీ మళ్లీ అడిగి నిర్ధారించే హక్కు వాళ్లకిస్తే, ‘నిజంగా వెళ్లిపోతున్నారా, మా దగ్గరే ఇంకో ఆఫర్ ఉంది’ అని ఆపడానికి దారి దొరుకుతుంది. కస్టమర్‌ని కాపాడే పేరుతో పోటీదారుకి అడ్డుపడటం వాళ్లకి చాలా తేలిక. అందుకే ఎఫ్‌సీసీ ఆ బాధ్యతను ఆర్డర్ పంపినవాళ్ల మీదే ఉంచి, వాళ్లు ఎలా నిరూపించాలో నిబంధనలు బిగిస్తూ పోయింది.

దీనికి తోడు రీసెల్లర్లు వచ్చారు. వీళ్లకి సొంత లైన్లుండవు. పెద్ద కంపెనీ దగ్గర నిమిషాలు టోకుగా కొని చిల్లరగా అమ్ముతారు. బిల్లు కొట్టి డబ్బు వసూలు చేసే పని కూడా లోకల్ కంపెనీయే చేసిపెడుతుంది కాబట్టి ఆఫీసు, కొన్ని ఫోన్లు, ఒక నంబర్ల జాబితా ఉంటే కంపెనీ పెట్టేయొచ్చు. తెలియకుండా మార్చిన కస్టమర్ రెండు నెలల తర్వాత గమనించి వెళ్లిపోయినా, ఆ రెండు బిల్లుల డబ్బు మిగులుతుంది. అలాంటివాళ్లు వేలల్లో ఉంటే అదే వ్యాపారం.

రీసెల్లర్లలో ఇంకో మెలిక ఉంది. వీళ్లు తాము ఎవరి లైన్లు వాడుతున్నారో ఆ పెద్ద కంపెనీ కోడ్‌నే వాడతారు. ఆ పెద్ద కంపెనీ దగ్గరున్న కస్టమర్‌ని రీసెల్లర్ లాక్కుంటే ఎక్స్ఛేంజ్‌లో కోడ్ ఏమీ మారదు, లోపల లెక్క మాత్రం మారుతుంది. దీన్ని సాఫ్ట్ స్లామ్ అనేవాళ్లు. లోకల్ కంపెనీకి కూడా ఇది కనబడదు, అందుకే దీన్ని పట్టుకోవడం మిగతావాటికన్నా కష్టమైంది.

సంతకాలు, చెక్కులు, లాటరీ డబ్బాలు

మొదట్లో నిరూపణ అంటే సంతకం చేసిన అంగీకార పత్రం. దాన్ని సంపాదించడానికి వాడిన దారులు చూస్తే, నిబంధనలు ఎందుకంత వివరంగా రాయాల్సి వచ్చిందో తెలుస్తుంది.

మాల్స్‌లో, తిరునాళ్ల లాంటి మేళాల్లో కారు గెలుచుకోండి అని ఒక డబ్బా పెట్టేవాళ్లు. పక్కన చీటీలు. పేరు, చిరునామా, ఫోన్ నంబర్ రాసి, కింద సంతకం పెట్టి డబ్బాలో వేయాలి. ఆ సంతకం పైన చీమల బారులాంటి అక్షరాల్లో ‘నా లాంగ్ డిస్టెన్స్ కంపెనీని మార్చడానికి అనుమతిస్తున్నాను’ అని ఉండేది. చట్టం దృష్టిలో సంతకం ఉంది కదా. 1995లో ఎఫ్‌సీసీ దీన్ని ఆపింది: అంగీకార పత్రం విడిగా ఉండాలి, పోటీ చీటీతో, బహుమతి కూపన్‌తో కలపకూడదు, అక్షరాలు స్పష్టంగా ఉండాలి, ప్రకటన ఏ భాషలో ఉందో పత్రమంతా ఆ భాషలోనే ఉండాలి. ఈ చివరి షరతు వలస వచ్చినవాళ్ల కోసం. ఆఫర్ అంతా స్పానిష్‌లో చెప్పి, సంతకం పెట్టే ముక్క మాత్రం ఇంగ్లీషులో ఉంచితే ఆ అంగీకారానికి అర్థం లేదు.

చెక్కులకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. పెద్ద కంపెనీలు పోటీ పడి ఇళ్లకి 50, 100 డాలర్ల చెక్కులు పంపేవి. చెక్కు వెనక సంతకం పెట్టి బ్యాంకులో వేస్తే కంపెనీ మారడానికి ఒప్పుకున్నట్టే. అది పెద్ద అక్షరాల్లో సంతకం గీత దగ్గరే రాసి ఉండాలన్నది షరతు. తెలిసి వేసుకున్నవాడికి ఇది మంచి బేరం, కొన్ని ఇళ్లు ఏడాదికి రెండు మూడు సార్లు అటూ ఇటూ మారి డబ్బు చేసుకున్నాయి కూడా.

ఇంకోటి ‘వెల్కమ్ ప్యాకెట్’ పద్ధతి. ఫోన్‌లో మాట్లాడాక కంపెనీ ఒక కవరు పంపుతుంది. అందులో ఒక పోస్ట్‌కార్డ్. వద్దనుకుంటే 14 రోజుల్లో ఆ కార్డు తిరిగి పంపాలి, పంపకపోతే ఒప్పుకున్నట్టే. రోజూ వచ్చే ప్రకటనల కాగితాల్లో కలిసి ఆ కవరు చెత్తబుట్టలోకి పోయేది. మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ ఇక్కడ మౌనాన్ని పూర్తి అంగీకారం చేశారు. 1998 డిసెంబర్‌లో ఎఫ్‌సీసీ ఈ పద్ధతిని ఎత్తేసింది.

సాంకేతికంగా స్లామింగ్ కాకపోయినా, ఆ కాలం పోకడ తెలియాలంటే టెక్సస్‌లోని ఒక కంపెనీ సంగతి చెప్పాలి. అది తన వ్యాపారాలకి ‘ఐ డోంట్ కేర్’, ‘ఇట్ డజంట్ మేటర్’ లాంటి పేర్లు రిజిస్టర్ చేసుకుంది. ఆపరేటర్ ద్వారా కాల్ చేసేవాడిని ‘ఏ లాంగ్ డిస్టెన్స్ కంపెనీ కావాలి’ అని ఆపరేటర్ అడుగుతుంది, అతను ‘ఏదైనా పర్లేదు’ అంటాడు, కాల్ నేరుగా ఆ పేరున్న కంపెనీకి, దాని ఎక్కువ రేటుకి వెళ్తుంది.

డబ్బును వెనక్కి లాగిన నిబంధన

1996 ఫిబ్రవరి 8న అమల్లోకి వచ్చిన టెలికమ్యూనికేషన్స్ చట్టంలో 258వ సెక్షన్ నేరుగా స్లామింగ్ మీదే ఉంది. ఎఫ్‌సీసీ చెప్పిన నిర్ధారణ పద్ధతి పాటించకుండా ఏ కంపెనీ కూడా కస్టమర్ ఎంపికను మార్చకూడదు. మార్చి వసూలు చేస్తే, ఆ కంపెనీ వసూలు చేసినదంతా కస్టమర్ తాలూకు పాత కంపెనీకి ఇచ్చేయాలి.

ఇందులో ఒక లోపం వెంటనే కనబడుతుంది. డబ్బు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి వెళ్తోంది, మోసపోయిన ఇంటికి ఏమీ రావడం లేదు. 1998లో ఎఫ్‌సీసీ కస్టమర్ కట్టాల్సిన పనే లేదన్న దిశగా నిబంధనలు రాసింది. కంపెనీలు కోర్టుకి వెళ్లాయి, 1999 మేలో డబ్బుకి సంబంధించిన భాగం మీద స్టే వచ్చింది. 2000లో వాటిని సవరించాక స్టే తొలగి అమల్లోకి వచ్చాయి.

ఆ లెక్క ఇలా ఉంటుంది. కస్టమర్ ఇంకా డబ్బు కట్టకపోతే, మార్పు జరిగిన రోజు నుంచి మొదటి 30 రోజుల కాల్స్‌కి ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు. స్లామ్ చేసిన కంపెనీకీ కట్టక్కర్లేదు, పాత కంపెనీకీ కట్టక్కర్లేదు. 30 రోజుల తర్వాత చేసిన కాల్స్ ఉంటే వాటికి పాత కంపెనీకి, పాత రేటు ప్రకారమే కడతారు. ఒకవేళ గమనించక ముందే కట్టేసి ఉంటే స్లామ్ చేసిన కంపెనీ ఆ మొత్తానికి 150 శాతం పాత కంపెనీకి కక్కాలి. 80 డాలర్లు కట్టారనుకుంటే 120 డాలర్లు. అందులో 40 కస్టమర్‌కి వస్తాయి, 80 పాత కంపెనీ ఉంచుకుంటుంది. పాత రేటు ప్రకారం లెక్క వేస్తే తనకి ఇంకా ఎక్కువ రావాలని కస్టమర్ అనుకుంటే, ఆ తేడా కూడా ఇప్పించమని పాత కంపెనీని అడగొచ్చు.

ఈ రెండు కేసుల మధ్య తేడా చూడండి. కట్టనివాడికి నెల రోజుల కాల్స్ మొత్తం మాఫీ, కట్టినవాడికి సగం వాపసు. అంటే బిల్లు వెనక పేజీ చదివే అలవాటున్న ఇంటికే రక్షణ ఎక్కువ. కంపెనీ వైపు నుంచి చూస్తే మాత్రం రెండూ నష్టమే. ‘రెండు బిల్లులు వసూలు చేసుకున్నా చాలు’ అన్న లెక్క ఇక్కడ తల్లకిందులైంది. అంతకుముందు పెట్టిన కాగితం షరతులన్నీ ఒకెత్తు, ఇది ఒకెత్తు. చీటీ ఎలా ఉండాలో చెప్పే నిబంధనకి కొత్త రకం చీటీతో జవాబు చెప్పొచ్చు, లాభమే లేకుండా చేసిన నిబంధనకి జవాబు చెప్పడం కష్టం.

జరిమానాలు కూడా పెరిగాయి. 1998లో ఫ్లెచర్ కంపెనీలుగా పేరుపడిన ఒక రీసెల్లర్ల గుంపుకి ఎఫ్‌సీసీ దాదాపు 57 లక్షల డాలర్ల జరిమానా వేసి, సర్వీసు నడిపే అనుమతే రద్దు చేసింది. చిన్న కంపెనీలే అనుకోవడానికి లేదు, 2000లో ఎంసీఐ వరల్డ్‌కామ్ స్లామింగ్ ఆరోపణల విషయంలో 35 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఫిర్యాదుల విచారణ చేపట్టే వీలు రాష్ట్రాలకి కూడా ఇచ్చారు, చాలా రాష్ట్రాలు తీసుకున్నాయి. వాషింగ్టన్‌లో ఉన్న ఎఫ్‌సీసీకి రాసే ఉత్తరం కన్నా సొంత రాష్ట్రంలో ఫోన్, కరెంటు లాంటి సేవలను నియంత్రించే యుటిలిటీ కమిషన్‌కి చేసే ఫోన్ చాలామందికి దగ్గరి దారి.

ఫ్రీజ్: తాళం, దాని రెండో పక్క

కస్టమర్ తనంతట తాను వేసుకునే తాళం కూడా ఒకటుంది. లోకల్ కంపెనీకి చెప్పి లైన్ మీద ‘ఫ్రీజ్’ పెట్టించుకోవచ్చు. అది ఉన్నంతకాలం వేరే కంపెనీ ఎన్ని ఆర్డర్లు పంపినా కోడ్ మారదు. ఫ్రీజ్ తీయాలంటే కస్టమరే రాసివ్వాలి, లేదా నోటితో చెప్పాలి. కొత్త కంపెనీని కూడా లైన్లో కలిపి ముగ్గురూ ఒకే కాల్‌లో మాట్లాడే వీలూ ఉండాలి. లాంగ్ డిస్టెన్స్‌కి, రాష్ట్రంలోపలి దగ్గరి టోల్ కాల్స్‌కి, లోకల్‌కి ఎంపికలు వేరు కాబట్టి ఒక్కోదానికి విడిగా ఒప్పుకోవాలి.

ఇంత మంచి తాళం అందరికీ ఎందుకు వేసేయలేదు? ఎందుకంటే తాళంచెవి పెట్టె లోకల్ కంపెనీ దగ్గరుంది. లోకల్ సర్వీసులో పోటీ అప్పుడప్పుడే మొదలవుతున్న చోట, పాత కంపెనీ ‘మీ భద్రత కోసం’ అంటూ అందరి లైన్లూ ఫ్రీజ్ చేయిస్తే కొత్తగా వచ్చినవాడికి ఒక్క కస్టమర్ కూడా సులువుగా రాడు. అందుకే ఫ్రీజ్ గురించి చేసే ప్రచారంలో ఏం చెప్పాలో కూడా ఎఫ్‌సీసీ నిబంధన రాసింది, అవసరమైతే కొంతకాలం ఫ్రీజ్‌లు ఆపే అధికారం రాష్ట్రాలకి ఇచ్చింది. కస్టమర్‌కి మేలు చేసే ప్రతి అడ్డంకీ పాత కంపెనీకి కూడా మేలు చేస్తుంది. ఈ చిక్కుముడి ఫోన్లతో ఆగలేదు. విద్యుత్ సరఫరాదారుని ఎంచుకునే వీలున్న అమెరికా రాష్ట్రాల్లోనూ స్లామింగ్ అనే మాట, ఇవే వాదనలు ఉన్నాయి.

అతికించిన ‘యస్’

ఫోన్‌లో జరిగే అమ్మకాలకి మూడో పక్షం నిర్ధారణ అనే పద్ధతి ఎక్కువగా వాడుకలోకి వచ్చింది. సేల్స్ మనిషి మాట్లాడాక కాల్‌ని ఒక స్వతంత్ర సంస్థకి కలిపి తాను లైన్ నుంచి తప్పుకోవాలి. ఆ సంస్థ మనిషి పేరు, నంబర్, మార్పు కోరే అధికారం మీకుందా, ఏ కంపెనీకి మారుతున్నారో తెలుసా అని అడగాలి, అమ్మకం ఏ భాషలో జరిగిందో అదే భాషలో అడగాలి, అంతా రికార్డ్ చేయాలి. ఎన్ని మార్పులు నిర్ధారిస్తే అంత కమిషన్ అనే ఏర్పాటు ఉండకూడదు. రికార్డింగ్ 2 ఏళ్లు దాచాలి.

కాగితం మీద ఇది గట్టి పద్ధతే. కానీ 2010ల్లో ఎఫ్‌సీసీ ముందుకొచ్చిన కేసుల్లో రెండు రకాల మోసాలు పదేపదే కనిపించాయి. మొదటిది, ఫోన్ చేసినవాడు ‘మీ ఇప్పటి కంపెనీ నుంచే మాట్లాడుతున్నాం, మీకు రేటు తగ్గిస్తున్నాం, కాస్త వివరాలు నిర్ధారించండి’ అంటాడు. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలకి కస్టమర్ నిజాయితీగానే అవును, అవును అంటాడు. రికార్డింగ్ నిజమైనదే, అంగీకారం మాత్రం అబద్ధం మీద పుట్టింది. రెండోది ఇంకా దారుణం. రికార్డింగే నకిలీ. ఫిర్యాదు చేసినవాళ్లకి ఆ రికార్డింగ్ వినిపిస్తే, అది మా గొంతు కాదని, లేదా మేము వేరే సందర్భంలో అన్న మాటని తెచ్చి అతికించారని చెప్పారు.

బలైనవాళ్లలో పెద్ద వయసువాళ్లు ఎక్కువ. అది యాదృచ్ఛికం కాదు. పిల్లలంతా సెల్‌ఫోన్లకి మారిపోయాక రాగి తీగ ల్యాండ్‌లైన్, విడి లాంగ్ డిస్టెన్స్ ప్లాన్ మిగిలింది ముసలివాళ్ల ఇళ్లలోనే. తెలియని కంపెనీ బిల్లు కట్టనన్నందుకు ఆ వయసువాళ్ల ఇంట్లో ఫోనే పనిచేయకుండా పోతే, ఆ ఇంటికి అంబులెన్స్ పిలిచే దారి కూడా పోయినట్టే. దీన్ని చిల్లర మోసం అని కొట్టిపారేయలేం.

2018 జూన్‌లో ఎఫ్‌సీసీ దీనికి మందు వేసింది. అమ్మకం కాల్‌లో ముఖ్యమైన విషయంపై అబద్ధం చెప్పినట్టు తేలితే, తర్వాత ఎంత శుభ్రమైన రికార్డింగ్ ఉన్నా ఆ అంగీకారం చెల్లదు. మూడో పక్షం నిర్ధారణను దుర్వినియోగం చేసిన కంపెనీ 5 ఏళ్ల పాటు ఆ పద్ధతి వాడకూడదు. అంటే చూపు ‘యస్ అన్నాడా లేదా’ నుంచి ‘ఏం విని యస్ అన్నాడు’ అన్నదానికి మారింది. 20 ఏళ్లు ఆలస్యమైనా మారాల్సిన చోటే మారింది.

స్లామింగ్ వేరు, క్రామింగ్ వేరు

ఈ రెండు మాటలూ కలగాపులగం అవుతుంటాయి. స్లామింగ్‌లో కంపెనీయే మారిపోతుంది. క్రామింగ్‌లో కంపెనీ అదే, బిల్లులో అడగని చార్జీ వచ్చి కూర్చుంటుంది: వాయిస్‌మెయిల్ అని, జాతకం మెసేజ్‌లు అని, ఇంకేదో క్లబ్ అని. రెండింటికీ పునాది ఒక్కటే, బయటివాళ్ల తరఫున ఫోన్ కంపెనీ డబ్బు వసూలు చేసిపెట్టే ఏర్పాటు. ల్యాండ్‌లైన్ల మీద పెద్ద కంపెనీలు ఆ వసూళ్లు చాలావరకు ఆపేశాక ఈ తెగులు సెల్‌ఫోన్లకి పాకింది. 2014 అక్టోబర్‌లో ఏటీ అండ్ టీ మొబిలిటీ 10 కోట్ల 50 లక్షల డాలర్లకు, 2014 డిసెంబర్‌లో టీ మొబైల్ 9 కోట్లకు, 2015 మేలో వెరైజన్ 9 కోట్లకు, స్ప్రింట్ 6 కోట్ల 80 లక్షలకు రాజీకి వచ్చాయి.

సెల్‌ఫోన్లకి స్లామింగ్ నిబంధనలు వర్తించవు, అక్కడ లాంగ్ డిస్టెన్స్ విడిగా ఎంచుకునేదే లేదు. దాని చోట సిమ్ స్వాప్, దొంగ పోర్టింగ్ వచ్చాయి. నంబర్ లాక్కునేవాడి కన్ను ఇప్పుడు కాల్ చార్జీ మీద లేదు, ఓటీపీ మీద, బ్యాంకు ఖాతా మీద ఉంది. 2023 నవంబర్‌లో ఎఫ్‌సీసీ వీటి మీద విడిగా నిబంధనలు ఆమోదించింది.

మన దగ్గర 1900కి మెసేజ్

భారత్‌లో ఇంటి ఫోన్‌కి లాంగ్ డిస్టెన్స్ కంపెనీని ముందే విడిగా ఎంచుకునే పద్ధతి జనం వాడుకలోకి రాలేదు. ఎస్టీడీ బూత్‌లో రాత్రి రేటు కోసం క్యూలో నిలబడిన తరం నేరుగా సెల్‌ఫోన్‌కి వచ్చేసింది. కాబట్టి అమెరికా తరహా స్లామింగ్‌కి ఇక్కడ చోటు లేదు. పోల్చాల్సింది నంబర్ పోర్టింగ్‌తో. 2010 నవంబర్ 25న హర్యానాలో మొదలై, 2011 జనవరి 20న దేశమంతా వచ్చింది.

ఇక్కడ మొదటి అడుగు కొత్త కంపెనీది కాదు. కస్టమర్ తన ఫోన్ నుంచి ‘పోర్ట్’ అని, తన నంబర్ కలిపి 1900కి మెసేజ్ పెట్టాలి. 8 అక్షరాల కోడ్ అదే ఫోన్‌కి వస్తుంది. ఆ కోడ్ లేకుండా కొత్త కంపెనీ ఆర్డరే పెట్టలేదు. 2019 డిసెంబర్ 16 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఆ కోడ్ చాలా సర్కిళ్లలో 4 రోజులే పనిచేస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ టెలికాం లెక్కలో ఇప్పటికీ ఒకే సర్కిల్, ఆ సర్కిల్ లోపల పోర్టింగ్ 3 పని దినాల్లో పూర్తవ్వాలి. మనసు మారితే గడువులోగా ‘క్యాన్సిల్’ అని 1900కే మెసేజ్ పెట్టొచ్చు. 2024 జూలై 1 నుంచి ఇంకో కాపలా చేరింది: సిమ్ మార్చిన 7 రోజుల దాకా పోర్టింగ్ కోడ్ ఇవ్వరు. ఎవరో నకిలీ సిమ్ తీసుకుని వెంటనే వేరే కంపెనీకి పారిపోకుండా ఆపడానికి ఇది.

అమెరికా ల్యాండ్‌లైన్‌లో అంగీకారం సేల్స్ మనిషి ఫైల్‌లో మొదలైంది, ఇక్కడ కస్టమర్ చేతిలోని ఫోన్‌లో మొదలవుతుంది. తేడా అంతా అక్కడే ఉంది. అలాగని ఇది దుర్భేద్యమేమీ కాదు. రోడ్డు పక్క గొడుగు కింద సిమ్‌లు అమ్మే కుర్రాడికి ‘మీరే చూసి చేసిపెట్టండి’ అని ఫోన్ చేతికిచ్చేస్తే, 1900కి మెసేజ్ పెట్టేది అతనే, కోడ్ చదివేదీ అతనే. తన పేరు మీద ఎన్ని కనెక్షన్లున్నాయో చూసుకునే ప్రభుత్వ పోర్టల్ 2021లో ముందుగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కస్టమర్లకే అందుబాటులోకి వచ్చింది, ఇప్పుడు సంచార్ సాథీలో భాగంగా దేశమంతా ఉంది.

క్రామింగ్ మాత్రం మనవాళ్లకి బాగా తెలుసు, పేరు తెలియకపోయినా. కాలర్ ట్యూన్ పేరుతో, క్రికెట్ స్కోర్ల పేరుతో ప్రీపెయిడ్ బ్యాలెన్స్ కట్ అయిపోయిన రోజులు గుర్తున్నవాళ్లు ఎందరో. 2013 జూలైలో మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రెండుసార్లు నిర్ధారణ తప్పనిసరి చేసింది: ఒకసారి నొక్కితే చాలదు, రెండోసారి కూడా కస్టమర్ ఒప్పుకుంటేనే డబ్బు కోయాలి. ఆపించుకోవడానికి 155223 అనే ఉమ్మడి నంబర్ ఉంది.

అమెరికాలో అమ్మానాన్నల ల్యాండ్‌లైన్ ఉంటే

అక్కడ పిల్లల దగ్గర ఉంటున్న, లేదా ఎన్నో ఏళ్లుగా స్థిరపడిన తెలుగు పెద్దవాళ్ల ఇళ్లలో పాత ల్యాండ్‌లైన్ ఇంకా ఉంటే చూడటం తేలిక. ఆ లైన్ నుంచే 1-700-555-4141 కొడితే ఆ లైన్ మీద ఏ లాంగ్ డిస్టెన్స్ కంపెనీ నమోదైందో రికార్డు చేసిన గొంతు చెబుతుంది. సాఫ్ట్ స్లామ్ అయితే ఇక్కడ పెద్ద కంపెనీ పేరే వినబడొచ్చు, కాబట్టి బిల్లు కూడా చూడాలి.

తెలియని పేరు కనబడితే ఆ బిల్లులో ఆ భాగం కట్టకూడదు. ముందు లోకల్ కంపెనీకి ఫోన్ చేసి పాత కంపెనీకి మార్చమని, మార్పు చార్జీ తీసేయమని చెప్పాలి. తర్వాత పాత కంపెనీకి, పాత ప్లాన్‌లోనే మళ్లీ చేర్చమని. స్లామ్ చేసిన కంపెనీకి కూడా మాఫీ నిబంధన గుర్తు చేయాలి. వినకపోతే రాష్ట్ర యుటిలిటీ కమిషన్‌కి గానీ ఎఫ్‌సీసీకి గానీ ఫిర్యాదు, బిల్లు కాపీతో సహా. ఆ పని అయ్యాక ఫ్రీజ్ పెట్టించుకోవచ్చు.

ఒక్క విషయం దగ్గర జాగ్రత్త. మాఫీ అయ్యే ఆ 30 రోజులు, మార్పు జరిగిన రోజు నుంచి లెక్క, గమనించిన రోజు నుంచి కాదు. బిల్లు నెలకొకసారి వస్తుంది, కాబట్టి కొత్త పేరు మొదటిసారి కాగితం మీద కనబడేసరికే ఆ గడువులో చాలా రోజులు అయిపోయి ఉంటాయి.